గీసే చేతికి నప్పే ఎడిటరు ఏది: క్యూజీఐఎస్, జియోసర్వర్, మాపుట్నిక్ వాడి చూశాక

కోడు రాయడం రాని, నేర్చుకోవాలన్న ఆశ కూడా పెద్దగా లేని, కానీ పటం ఎలా ఉంటే జనానికి అర్థమవుతుందో కాస్త తెలిసిన మనిషి రాస్తున్న రివ్యూ ఇది. ఆ లెక్కనే చదవండి. శ్రీకాకుళం జిల్లాలో కాలువల పనుల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ట్రేసింగ్ పేపరు, రోట్రింగ్ పెన్ను, అమ్మోనియా ప్రింటు కాలం మాది. ఇప్పుడు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర తెలిసినాయన జెరాక్స్ షాపులో ఓ మూల కంప్యూటరు పెట్టుకుని పటాలు గీస్తున్నాను. ప్రాజెక్టు రిపోర్టులు రాసుకునే ఇంజినీరింగ్ పిల్లలు, లేఅవుట్ల వాళ్లు, రైతు సంఘాల వాళ్లు వస్తుంటారు.

క్యూజీఐఎస్ కంప్యూటర్లో పటాలు గీసే ప్రోగ్రామ్, జియోసర్వర్ పటాలని నెట్‌లో అందించే సర్వర్, మాపుట్నిక్ నెట్ పటాలకు రంగులూ గీతలూ దిద్దే ఎడిటరు. ఈ మూడూ ఎందుకు వాడాల్సి వచ్చిందంటే, టెక్కలి, నందిగాం వైపు చెరువులూ, వాటికి నీళ్లు తెచ్చే కాలువలూ, కిందనున్న ఆయకట్టూ ఒకే పటంలో కావాలని అడిగారు. గోడకు అంటించుకోవడానికి పెద్ద కాగితం మీద ఒకటి, ఫోన్లో చూసుకోవడానికి ఒకటి. పేర్లన్నీ తెలుగులోనే ఉండాలి. సొమ్ము పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత వాళ్లకీ లేదు, నాకూ లేదు. ఉచితంగా దొరికే, కోడు అందరికీ తెరిచి ఉన్న ఓపెన్ సోర్స్‌లోనే చెయ్యాలి.

క్యూజీఐఎస్‌తో మొదలుపెడతాను, నా రోజువారీ అన్నం అదే కాబట్టి. 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టినప్పుడు అది డేటా తెరిచి చూసుకునే చిన్న ప్రోగ్రామట. 2009లో 1.0 వచ్చింది. 2013లో 2.0తో 'క్వాంటం' అన్న మాట పోయి ఇప్పటి పొట్టి పేరు మిగిలింది. నా బోటివాడికి అసలు పండగ మాత్రం 2016లో వచ్చిన 2.16 వెర్షన్. పటంలో ఒక్కో పొరకీ (చెరువులొక పొర, కాలువలొక పొర) రంగూ గీతా దిద్దుకునే లేయర్ స్టైలింగ్ అనే ప్యానెల్ అందులోనే పెట్టారు. ఎఫ్7 నొక్కితే పటం పక్కనే తెరుచుకుంటుంది. రంగు మారిస్తే పటంలో అప్పుడే మారుతుంది. గీత మందం పెంచితే కళ్లముందే పెరుగుతుంది. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి అక్కడే అన్‌డూ ఉంది. అంతకుముందైతే ఒక డబ్బా తెరిచి, రంగు మార్చి, అప్లై నొక్కి, డబ్బాని పక్కకు జరిపి చూసుకుని, బాగులేదంటే మళ్లీ మొదటికి రావాలి.

ఇందులో ఏముంది, సౌకర్యమే కదా అనుకుంటారు. సౌకర్యం ఒక్కటే కాదు. రంగు గురించి నిర్ణయం బుర్రలో జరగదు, కంట్లో జరుగుతుంది. ఆయకట్టు పసుపు పక్కన చెరువు నీలం ఎంత ముదురుండాలో ముందే అంకెల్లో చెప్పగలిగిన డ్రాఫ్ట్స్‌మన్‌ని నేనెరగను. పక్కపక్కన పెట్టి చూడాలి, కొంచెం తగ్గించాలి, మళ్లీ చూడాలి. చూపుకీ చేతికీ మధ్య నాలుగు డబ్బాలు అడ్డం వస్తే మనిషి రెండోసారి మార్చడు, 'ఏదోలే' అని వదిలేస్తాడు. మనవాళ్లు చేసే రిపోర్టుల్లో ఊదా, చిలకపచ్చ కలిసిన పటాలన్నీ ఆ 'ఏదోలే' బాపతే. ప్రోగ్రామ్ తనకు తోచిన రంగేదో వేసింది, మార్చే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఈ చెరువుల పటంలో నాకు బాగా అక్కరకొచ్చింది రూల్ బేస్డ్ పద్ధతి. ప్రధాన కాలువకు ఒక రూలు, డిస్ట్రిబ్యూటరీకి ఒకటి, మైనరుకి ఒకటి పెట్టుకున్నాను. ఏ స్కేలు దగ్గర ఏది కనిపించాలో ఆ రూలులోనే చెప్పొచ్చు. దూరం నుంచి చూస్తే ప్రధాన కాలువ ఒక్కటే, దగ్గరికొస్తే పిల్ల కాలువలు. కాలువకు జంట గీత కావాలంటే ముదురు నీలం గీత మీద సన్నటి లేత గీత వేస్తే చాలు. రెండు కాలువలు కలిసేచోట గట్టు గీత అడ్డుగా మిగలకుండా చూసేది సింబల్ లెవెల్స్. మా రోజుల్లో ఆ కలిసేచోట సిరాని బ్లేడుతో గీకేవాళ్లం. ట్రేసింగ్ చిరిగితే పై అధికారి చేత చీవాట్లు. ఇక్కడ ఒక టిక్కు పెడితే అయిపోయింది!

ఇంకో చిన్న సంగతి, దీన్ని ఎవరూ మెచ్చుకోగా వినలేదు. వ్యూ మెనూలో ప్రివ్యూ మోడ్ అని ఒకటుంది. జెరాక్స్ తీస్తే ఈ పటం ఎలా ఉంటుందో, రంగులు గుర్తుపట్టలేని మనిషికి ఎలా కనిపిస్తుందో చూపిస్తుంది. మన దగ్గర ఏ కాగితానికైనా చివరి గతి జెరాక్సే. రంగుల్లో ఎంత అందంగా వేసినా ఊళ్లోకి వెళ్లేసరికి నలుపూ తెలుపూ. ఆ మోడ్‌లో చూస్తే నా ఆయకట్టు పసుపూ, తోటల లేత ఆకుపచ్చా ఒకటే బూడిద రంగులో కలిసిపోతున్నాయని తెలిసింది. తోటలకు చుక్కలు వేశాను, ఆయకట్టుని సాదాగా ఉంచాను. టిట్లీ తుపాను దెబ్బ మళ్లీ ఎక్కడ తగులుతుందోనని భయపడే ఉద్దానం వాళ్లకు జీడి తోట ఎక్కడుందో, కొబ్బరి తోట ఎక్కడుందో విడివిడిగా కనపడాలి కదా. కొబ్బరికి చెట్టు బొమ్మ నేనే ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో గీసుకున్నాను. ఆ బొమ్మ ఎస్‌వీజీ ఫైల్లో రంగు ఉండాల్సిన చోట 'పారమ్ ఫిల్' అని ఒక మాట పెడితే, తర్వాత క్యూజీఐఎస్‌లోనే ఆ చెట్టు రంగు మార్చుకోవచ్చు. ఆ ఒక్క మాట నాకు మేనల్లుడు టైపు చేసిచ్చాడు. నా కోడు పరిజ్ఞానం అక్కడితో సరి.

రంగుల విషయంలో నేను పాత టోపోషీటు మనిషిని. నీళ్లు నీలం, రోడ్డు ఎరుపు, అడవి ఆకుపచ్చ, సాగు పసుపు, ఎత్తు చూపే కాంటూరు గీత గోధుమరంగు. సర్వే ఆఫ్ ఇండియా షీట్లు చూసి పెరిగిన కంటికి ఇంకో వరస ఎక్కదు. ఆ రంగుల్ని ప్రాజెక్టు రంగులుగా పేర్లు పెట్టి దాచుకుంటే, ఒకచోట నీలం మారిస్తే ఆ పేరుకి లింకు చేసిన పొరలన్నిట్లో మారుతుంది. కొండల నీడ మీద ఆయకట్టుని 'మల్టిప్లై' కలగలుపులో పెడితే, పసుపు కిందనుంచి కొండ వాలు కనిపిస్తుంది. వాటర్ కలర్ వాష్ వేసిన రోజులు గుర్తొచ్చాయి.

మాట టోపోషీటు దాకా వచ్చింది కనుక, స్టైలుకి సంబంధం లేకపోయినా మన జిల్లా వాళ్లకో హెచ్చరిక. 84 డిగ్రీల రేఖాంశం మన జిల్లాని నిలువునా కోస్తుంది. శ్రీకాకుళం టౌను 65ఎన్ షీటులో ఉంటే టెక్కలి, పలాస 74బీలో ఉంటాయి. పటాల కొలతలకు వాడే యూటీఎం జోన్లూ అంతే, ఇటు 44, అటు 45. లేయర్లు కలవడం లేదని నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది గొడవ ఇదే.

ఇక క్యూజీఐఎస్‌తో నా పేచీలు. కొత్తవాడికి ఆ ప్యానెల్ చిట్టడవి. పైన 'ఫిల్' అని ఒక వరుస, దాని కింద 'సింపుల్ ఫిల్' అని ఇంకో వరుస. పై వరుస మీద నొక్కితే ఒక రకం బటన్లు, కింది వరుస మీద నొక్కితే ఇంకో రకం. గట్టు గీత రంగు మార్చాలంటే కింది వరుసే నొక్కాలని ఎవడూ చెప్పడు. షాపుకొచ్చే ప్రతి కుర్రాడూ అక్కడే ఆగిపోతాడు. పొర బరువైతే లైవ్ అప్‌డేట్ పెట్టుకుని పని చెయ్యలేం, ఒక్క అంగుళం జరిపితే మొత్తం మళ్లీ గీయడం మొదలెడుతుంది. ఆ టిక్కు తీసేసుకోవాలి. స్టైలుని క్యూఎంఎల్ ఫైలుగా ఇంకొకరికి ఇస్తే బొమ్మల దారి తప్పి కొబ్బరి చెట్ల స్థానంలో ప్రశ్నార్థకాలు మొలుస్తాయి. బొమ్మని ఫైల్లోనే ఇమిడ్చే వీలు కొత్త వెర్షన్లలో ఉంది, అది వాడండి. ఇన్ని చెప్పినా అయిదుకి నాలుగున్నర ఇస్తాను. కాగితం మీద పటం అనుకున్నట్టే వచ్చింది, సంఘం వాళ్లు 'మా చెరువు పేరు కూడా ఉందే' అని వేలు పెట్టి చూసుకున్నారు.

ఫోన్లో పటం దగ్గరే కథ అడ్డం తిరిగింది.

వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మేనల్లుడు సెలవులకు వచ్చి జియోసర్వర్ ఎక్కించాడు. మంచి సర్వరే, కాదనను. 2001 నుంచీ నడుస్తోంది, ఎన్నో దేశాల్లో ప్రభుత్వ శాఖలు వాడుతున్నాయి. డేటా పంచడంలో దానికి వంక పెట్టలేం. కానీ స్టైలు ఎక్కడ మార్చాలని అడిగితే వాడు తెరిచి చూపించింది ఒక తెల్ల డబ్బా, నిండా ఎక్స్ఎంఎల్ కోడు. పటం స్టైలుని రాతలో చెప్పే ఎస్ఎల్‌డీ అనే ప్రమాణం అది. పది ఎకరాల కంటే పెద్ద చెరువుకు ముదురు నీలం వెయ్యాలంటే 'ప్రాపర్టీ ఈజ్ గ్రేటర్ దేన్' అని ట్యాగు తెరిచి, లోపల కాలమ్ పేరు తెరిచి మూసి, అంకె తెరిచి మూసి, చివర దాన్నీ మూయాలి. రంగు పేరు ఆరు అక్షరాల సంకేతం. పక్కన ప్రివ్యూ ఉంది కానీ, ముందు రాసి, తర్వాతే చూడాలి.

"ఏటి అల్లుడూ, రంగు వెయ్యడానికి దరఖాస్తు పెట్టాలా?" అన్నాను.

"సీఎస్ఎస్ ఎక్స్‌టెన్షన్ వేస్తే ఇంతుండదు మావయ్యా, నాలుగు లైన్లే" అన్నాడు.

నాలుగు లైన్లయినా అవి లైన్లే కదా. గీతలు కావు. క్యూజీఐఎస్ నుంచి ఎస్ఎల్‌డీ ఎగుమతి చేసి ఇందులో పెట్టొచ్చు, పెట్టాం కూడా. సాదా రంగులూ గీతలూ వచ్చాయి. మల్టిప్లై పోయింది. నేను ముచ్చటపడి వేసుకున్న కొన్ని హంగులూ పోయాయి. క్యూజీఐఎస్‌కి తెలిసినవన్నీ ఆ ప్రమాణంలో ఇమడవు. సర్వర్‌గా నాలుగు, గీసేవాడి బల్లగా ఒకటిన్నర.

ఇది జియోసర్వర్ ఒక్కదాని లోపం కాదు. వెబ్ పటాల లోకంలో స్టైలంటే రాతే అన్న అలవాటు పాతుకుపోయింది. మనమంతా చూసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మామూలు పటం రంగులు కూడా కార్టోసీఎస్ఎస్ అనే భాషలో రాసిన ఫైళ్లే. ఆ భాషని తెచ్చిన టైల్‌మిల్‌లో ఒకపక్క పటం, ఒకపక్క రాత ఉండేవి. అప్పట్లో అదే గొప్ప. చేత్తో పట్టుకుని మార్చే అసలైన ఎడిటర్లు సొమ్ములు తీసుకునే కంపెనీల దగ్గర పుట్టాయి. మాప్‌బాక్స్ వాళ్ల స్టూడియో చేతికి ఎంత ఒదుగుతుందో ఒప్పుకోవాల్సిందే. అయితే 2020 డిసెంబరులో వాళ్లు బ్రౌజర్లో పటం గీసే తమ జీఎల్ జేఎస్ లైబ్రరీ రెండో వెర్షన్ని ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి తప్పించారు. పాత వెర్షన్ నుంచి జనం విడిపోయి మాప్‌లిబ్రే అని పెట్టుకున్నారు. మాపుట్నిక్ ఇప్పుడు ఆ కుదురులోదే.

మాపుట్నిక్ మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. ఇన్‌స్టాల్ గొడవ లేదు, బ్రౌజర్లో తెరుచుకుంటుంది. ఎడమ పక్క పొరల వరుస, మధ్యలో ఆ పొర లక్షణాలు, కుడి పక్క పటం. పటంలో దేని మీదైనా నొక్కితే ఆ చోట ఏయే పొరలున్నాయో చెబుతుంది, పేరు నొక్కితే సరాసరి దాని లక్షణాలు తెరుచుకుంటాయి. ఈ ఒక్క పని క్యూజీఐఎస్‌లో కూడా ఇంత సులువుగా కుదరదు. జూమ్‌తో పాటు గీత మందం ఎలా పెరగాలో చిన్న పట్టికలో నింపొచ్చు. జూమ్ 10 దగ్గర ఒకటి, 14 దగ్గర మూడు అని పెడితే మధ్యలో అదే సర్దుకుంటుంది. చిన్న కుర్రాడికి ఇచ్చినా కాసేపట్లో పట్టేస్తాడు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. పటాల డేటా మామూలుగా దాచుకునే షేప్‌ఫైలు ఇస్తే తీసుకోదు. డేటాని ముందే వెక్టర్ టైల్స్ (ముక్కలుగా కోసిన పటం డేటా) గానో, జియోజేసన్ అనే ఫైలు గానో మార్చి పెట్టాలి. ఆ పని మళ్లీ అల్లుడే. కొబ్బరి చెట్టు లాంటి బొమ్మలన్నీ స్ప్రైట్ అనే ఒకే ఫైలుగా బయట కుట్టి తేవాలి, ఇందులో తయారవదు. గ్యాలరీలో ఇచ్చే రెడీమేడ్ స్టైళ్లలో రోడ్డుకి గట్టు వేరు పొర, లోపలి రంగు వేరు పొర, వంతెన మీద ఇంకో జత, సొరంగంలో మరో జత. ఎరుపు కొంచెం తగ్గించాలంటే అన్నిట్లోకీ వెళ్లి తగ్గించాలి. ఒకచోట మారిస్తే అంతటా మారే ఏర్పాటు నాకు కనిపించలేదు. ఇవన్నీ భరించొచ్చు.

భరించలేనిది తెలుగు. నేను వాడిన వెర్షన్లో ఊరి పేరు పెట్టగానే 'శ్రీకాకుళం'లో శ్రీ విడిపోయింది. శకారం ఓ పక్క, రకారం ఓ పక్క, మధ్యలో పొల్లు. 'పర్లాం' లాంటి పేరులో ల వత్తు రకారం కిందకి దిగకుండా పక్కన నిలబడింది. 'మహేంద్రతనయ' సంగతి అడక్కండి. తప్పు ఫాంటుది కాదు. ఈ పద్ధతిలో అక్షరాలన్నిటినీ 256 చొప్పున కట్టలు కట్టి ముందే బొమ్మలుగా మార్చి పెడతారు. తెలుగున్న కట్ట 3072 నుంచి 3327. పటం గీసేటప్పుడు ఆ కట్టలోంచి ఒక్కో కోడుకి ఒక్కో బొమ్మ తీసి వరసగా పేర్చడమే. ఇంగ్లిషుకి అది చాలు. మనకు మూడు కోడ్లు కలిసి ఒక రూపం అవ్వాలి, దేని కింద ఏ వత్తు కూర్చోవాలో ఫాంటు లోపలి నియమాలు చెప్పాలి. ఆ నియమాలు చదివే అంగం ఇందులో లేదు. అరబిక్, హీబ్రూలకు విడిగా ప్లగిన్ చేసుకున్నారు. నేను వాడిన నాటికి మనకది కనిపించక, ఎడిటర్లో ఎన్ని మీటలు ఉన్నా తెలుగు పేరుకి అవి పనికిరాకుండా పోయాయి. ఇంగ్లిషు పేర్ల పటానికి మాపుట్నిక్‌కి నాలుగు ఇస్తాను. తెలుగు పటానికి ఒకటి.

క్యూజీఐఎస్‌లో ఈ బాధ లేదు. కంప్యూటర్లో ఉన్న తెలుగు ఫాంటు ఏదైనా తీసుకుంటుంది, వత్తులు వాటి చోట అవి కూర్చుంటాయి. ఊరి పేర్లకు మండలి అనే ఫాంటు వాడాను, చిన్న సైజులో కూడా చదవొచ్చు. గిడుగు అని మన పర్వతాలపేట పెద్దాయన పేరు మీద ఒక ఫాంటుంది, శీర్షికకు అది పెట్టాలని మనసు పుట్టి పెట్టేశాను. వంశధార పేరు నది వంపు వెంట వంచాను, చక్కగా వంగింది. అందులో వత్తు లేకపోవడం కూడా కలిసొచ్చిందేమో.

చివరికి ఫోను పటం దారి ఇలా కుదిరింది. గీసేదంతా క్యూజీఐఎస్‌లోనే. ప్రాసెసింగ్ టూల్స్‌లో ఎక్స్‌వైజెడ్ టైల్స్ తయారుచేసేది ఉంది. తెర మీద కనిపించిన పటాన్నే ముక్కలు ముక్కలుగా బొమ్మలు చేసి ఫోల్డర్లో పెడుతుంది. తెలుగూ, మల్టిప్లై, కొబ్బరి చెట్లూ అన్నీ యథాతథంగా వస్తాయి. అల్లుడు దానికి లీఫ్‌లెట్ అనే వెబ్ పటాల లైబ్రరీతో చిన్న పేజీ కట్టాడు. సర్వర్ నడిపే ఓపిక ఉన్నవాళ్లకు క్యూజీఐఎస్ సర్వర్ అనే ఇంకో దారి ఉంది. ప్రాజెక్టు ఫైలునే అది నేరుగా వడ్డిస్తుంది, స్టైలు మళ్లీ రాసే పని లేదు.

ఈ దారికీ పరిమితి ఉంది. టైలు అంచున పడిన పేర్లు ఒక్కోసారి సగానికి తెగుతాయి. తయారుచేసేటప్పుడు మెటాటైల్ (ఒకేసారి గీసే ముక్కల గుంపు) సైజు పెంచితే చాలావరకు తగ్గుతాయి, పూర్తిగా పోవు. పటాన్ని తిప్పి చూసే వీలున్న పేజీలో పెడితే, తిప్పినప్పుడు పేర్లూ దానితోపాటు తలకిందులవుతాయి. చెరువు మీద నొక్కితే వివరం రావాలంటే దాని పొరని విడిగా పైన పెట్టుకోవాలి. రంగు మార్చిన ప్రతిసారీ టైల్స్ అన్నీ మళ్లీ తయారుచెయ్యాలి. జూమ్ ఒక్క మెట్టు పెరిగితే ముక్కల సంఖ్య నాలుగింతలవుతుంది కాబట్టి రెండు మండలాల పటమైతే 16 దాకా వెళ్లొచ్చు, జిల్లా మొత్తానికైతే 14 దగ్గర ఆపండి. కరెంటు పోయే వేళ చూసుకుని మాత్రం మొదలుపెట్టకండి.